ఉరు భాష పోయిన ఊళ్లలో చిపాయా నేర్పడం సబబేనా?

నీటిరేవు: బొలీవియా 2009 నాటి రాజ్యాంగం స్పానిష్‌తో పాటు 36 ఆదివాసీ భాషలకు అధికార హోదా ఇచ్చింది. వాటిలో ‘ఉరు-చిపాయా’ను ఒకే భాషగా లెక్కించారు, నిజానికి అదొక చిన్న భాషా కుటుంబం. అందులో పిల్లలు ఇంట్లోనే నేర్చుకుంటున్నది ఓరూరో ప్రాంతంలో, లౌకా నది దగ్గరి శాంతా ఆనా దె చిపాయాలో వినిపించే చిపాయా ఒక్కటే. దెసాగ్వాదెరో నది వద్ద ఇరు-ఇటూ అనే ఊళ్లో, ఆ కుటుంబానికే చెందిన ఉరు భాష అంతరించింది. పోపో సరస్సు తీరపు ఉరులైన మురాతోలు ఎన్నడో ఐమారా, స్పానిష్‌ భాషలకు మారిపోయారు. ఈ రెండు చోట్ల బడుల్లో చిపాయాను సొంత భాషగా నేర్పడం నాకు సమ్మతం కాదు. బంధువుల భాషను నేర్పి, ఇదే మీ తాతల భాష అని చెప్పడం పిల్లలను మభ్యపెట్టడమే.

శిలాక్షరం: నీటిరేవు గారూ, తాతల భాషను ఎక్కడి నుంచి తెమ్మంటారు? ఇరు-ఇటూ ఉరుకైతే 1894లో మాక్స్ ఊలె, ఆ తరువాత అల్ఫ్రెద్ మెత్రో అనే పరిశోధకులు సేకరించిన సామగ్రి ఉంది. అలాంటి పాత సేకరణల ఆధారంగా కాత్యా హన్స్ 2008లో వ్యాకరణమూ వెలువరించారు. మురాతోలకు ఆపాటి ఆధారం కూడా లేదు. 2015లో పోపో సరస్సు ఎండిపోయి చేపల వేటే పోయినవారికి, బతికున్న మనుషులతో మాట్లాడుకోగల భాష దొరికితే కాదనడానికి మనమెవరం?

పాతప్రతి: ఇక్కడ పేరు గురించి పట్టింపు అవసరమే. వలస పాలన కాలంలో ఉరులను పుకీనా అనే భాష మాట్లాడేవారని రాశారు. 1607లో హెరోనిమో దె ఓరె ప్రచురించిన ప్రార్థనల్లో ఉన్న పుకీనా పూర్తిగా వేరే భాష అయినా, 1920ల్లో క్రెకీ-మోంఫోర్, పాల్ రివే అనే ఫ్రెంచ్ పండితులు ఉరు, పుకీనా రెంటినీ కలిపి అరవాక్ అనే దక్షిణ అమెరికా భాషా కుటుంబంలో చేర్చారు. ఆ చిక్కు విడదీయడానికి పండితులకు దశాబ్దాలు పట్టింది. (పుకీనా కనుమరుగై ఎంతో కాలమైనా ఆ 36 భాషల్లో దానికీ చోటుంది!) కనుక చిపాయాను చిపాయా అనే పేరుతోనే నేర్పాలి, ఇరు-ఇటూలో మాత్రం దాని పక్కనే పాత ఉరు పదాలనూ బోధించాలి.

నీటిరేవు: ఆ ఏర్పాటైతే నాకూ అంగీకారమే. కానీ పాఠం చెప్పేదెవరు? చిపాయా జనాభాయే సుమారు రెండు వేలు. అందులోనూ చాలామంది కూలి పనులకు చిలీ వెళుతున్నారు. బోధించగలిగిన ఆ కొద్దిమందినీ ఇతర ఊళ్లకు పంపితే చిపాయా బడిలో ఎవరుంటారో ముందుగా తేల్చాలి.