పడిశం పట్టిన పసివాడికి దగ్గు మందు పట్టవచ్చా?

పలమనేరు తండ్రి:
మా బాబుకు 14 నెలలు. మార్గశిరంలో తిరుమలలో తలనీలాలు ఇప్పించి కొండ దిగిన మూడో రోజు నుంచి వాడికి పడిశం, రాత్రిళ్లు దగ్గు. కిందటేడు మిగిలిన దగ్గు సిరప్ ఇంట్లో ఉంది. పట్టమని మా అమ్మ, వద్దని నా భార్య అంటున్నారు. ఆ మంచులో గుండు చేయించడమే తప్పయిందేమోనని నా దిగులు.

తిరుపతి అమ్మ:
జలుబు వైరస్ వల్ల వస్తుందన్నా, గుండు వల్ల కాదు. క్యూలో పక్కవారి తుమ్మును అనుమానించండి. రెండేళ్ల లోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు రాయకూడదని, ఇవ్వకూడదని 2025 అక్టోబరులో కేంద్ర ఆరోగ్యశాఖ చెప్పింది కనుక ఆ సీసాను పారవేయండి. ముక్కు బిగిసి మా పాప పాలు తాగలేక ఏడ్చినప్పుడు, డాక్టరు చెప్పినట్టు పాలకు ముందు సెలైన్ చుక్కలు వేస్తే కుదుటపడేది. మీవాడికి ఏడాది దాటింది కాబట్టి పడుకోబోయే ముందు అర చెంచా తేనె నాకించవచ్చు. ఏడాది నిండని బిడ్డకు మాత్రం తేనె తగదు.

మదనపల్లె నాన్న:
ఆవిరి పట్టకండి. మా ఇంట్లో స్టూలు మీది గిన్నె ఒలికి పిల్లవాడి తొడ కాలింది.

చిత్తూరు నర్సు:
తమ్ముడూ, దగ్గు చప్పుడు కన్నా ఊపిరి లెక్క ముఖ్యం. బాబు ఏడవకుండా ఉన్నప్పుడు చొక్కా పైకెత్తి, పొట్ట ఎన్నిసార్లు లేచి పడుతోందో పూర్తిగా ఒక నిమిషం చూడండి. రెండు నెలల లోపు 60, ఏడాది లోపు 50, ఆపైన ఐదేళ్ల వరకు 40, లేదా అంతకంటే ఎక్కువ ఉంటే అది ఒట్టి పడిశం కాదు, డాక్టరుకు చూపించాలి. డొక్కలు ఎగరేస్తున్నా, పాలు తాగలేకపోతున్నా, లేపితే లేవకుండా మత్తుగా ఉన్నా ఈ లెక్కలతో పొద్దు పుచ్చకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి.

పలమనేరు తండ్రి:
నిద్రలో రెండుసార్లు లెక్కించాను. ఒకసారి 32, ఒకసారి 34. డొక్కలు మామూలుగానే ఉన్నాయి. అమ్మ ఇప్పుడు కొబ్బరినూనెలో కర్పూరం కరిగించి ఛాతీకి రాస్తానంటోంది.

చిత్తూరు నర్సు:
వద్దు. కర్పూరం చర్మం గుండా ఒంట్లోకి దిగి పసిపిల్లలకు ఫిట్స్ తెప్పించగలదు. సాంబ్రాణి పొగ కూడా దగ్గును పెంచేదే. ఉత్త కొబ్బరినూనె రాయమనండి, పెద్దావిడ మాటా పోదు.

పలమనేరు తండ్రి:
సీసా పారవేశాను. ఉత్త నూనెకు అమ్మ ఒప్పుకుంది కానీ, రెండు వెల్లుల్లి రెబ్బలైనా వేయనివ్వమని ఇంకా పొయ్యి దగ్గరే నిలబడి ఉంది.