ఎలర్జీ కంటికి స్టెరాయిడ్ చుక్కలు: నల్లగుడ్డును కాపాడతాయా, పాడుచేస్తాయా?

మల్కాజిగిరి నాన్న: మా బాబుకు 9 ఏళ్లు. ఎండలు ముదిరితే కళ్లు ఎర్రబడి, తీగలా సాగే పుసి కడతాయి. డాక్టరు రెప్ప తిప్పి చూసి వర్నల్ ఎలర్జీ అన్నారు, స్టెరాయిడ్ చుక్కలు రాశారు. వాటితో కార్నియా పాడవుతుందని పక్కింటివాళ్లు భయపెడుతున్నారు. వేయమంటారా?

శ్రీను 34: వేయకండి. చిన్నప్పుడు 6 ఏళ్లు అవే వేసుకున్నాను. గ్లకోమా వచ్చింది. బస్సు దిగేటప్పుడు కుడి పక్క మెట్టు కనిపించదు, కాలితో తడుముకుంటాను.

అల్వాల్ లక్ష్మి: ఆయన అడిగింది కార్నియా గురించి. గ్లకోమా అంటే కంటి లోపలి ప్రెషర్ పెరిగి నరం దెబ్బతినే జబ్బు. కార్నియా నల్లగుడ్డు మీది అద్దం.

శ్రీను 34: చూపు పోయాక అద్దమైతేనేమి, నరమైతేనేమి?

అల్వాల్ లక్ష్మి: తేడా ఉంది. ఇలాంటి మాటలే విని మా అబ్బాయికి చుక్కలు మానేశాను. పిడికిళ్లతో కళ్లు నులుముకునేవాడు. పై రెప్ప లోపల గులకరాళ్లు పరిచినట్టు బొడిపెలు. ఎలర్జీ కణాలు వదిలే విషాలకు ఆ రాపిడి తోడై నల్లగుడ్డు పైపొర లేచిపోయింది. షీల్డ్ అల్సర్ అన్నారు. పుండు మీద కట్టిన తెల్లటి పలకను గీకి తీశారు. మచ్చ సరిగ్గా మధ్యలో మిగిలింది.

నల్లకుంట వాసి: రోజ్ వాటర్ వేయండి, చల్లగా ఉంటుంది.

అల్వాల్ లక్ష్మి: దయచేసి వద్దు.

మందుల షాపు మూర్తి: ఇది షెడ్యూల్ హెచ్ మందు, చీటీ లేనిదే అమ్మకూడదు. కానీ ఖాళీ సీసా చూపించి ‘ఇదే ఇవ్వండి’ అనేవాళ్లే ఎక్కువ.

శ్రీను 34: ఇస్తున్నది మీరే కదా మూర్తి గారూ.

కంటి పరీక్షల ఉద్యోగి: లక్ష్మి గారూ, స్టెరాయిడ్ కార్నియాకూ ముప్పే. పైపొర మానడం ఆలస్యమవుతుంది. ఫంగస్ లేదా హెర్పిస్ వైరస్ ఉంటే ఎరుపు తగ్గుతుంది, లోపల పుండు పెరుగుతుంది. అందుకే తక్కువ రోజులు వేసి, సైక్లోస్పోరిన్ లేదా టాక్రోలిమస్ అనే స్టెరాయిడ్ కాని మందులకు మారుస్తారు.

శ్రీను 34: చూశారా!

అల్వాల్ లక్ష్మి: ఏం చూడాలి? మా వాడి వాపు తగ్గింది ఆ చుక్కలతోనే. మీకు 6 ఏళ్లు వేయమని ఏ డాక్టరు రాశారు?

శ్రీను 34: చీటీలో 1 వారమే ఉంది. ఆ చీటీ మా నాన్న పర్సులో మడతల దగ్గర చిరిగేదాకా ఉంది. చుక్కలు వేస్తే మర్నాడు నేను బడికి వెళ్లేవాడిని, ఆయన కూలి పోయేది కాదు. ఆయనది తప్పంటారా? ‘మళ్లీ రండి’ అన్న డాక్టరు, రాకపోతే నొప్పి లేకుండానే చూపు పోతుందని ఎందుకు చెప్పలేదు?

అల్వాల్ లక్ష్మి: నాకు అన్నీ చెప్పారు. అయినా వాట్సాప్‌లో ఎవరో చెప్పింది నమ్మాను. డాక్టరు చెబితే చాలని ఎలా అంటారు?

శ్రీను 34: చెప్పినా వినకపోవడం మీ సంగతి. మాకు చెప్పనే లేదు. రెండూ ఒకటి చేయకండి.

మల్కాజిగిరి నాన్న: ఆసుపత్రికి ఫోను చేశాను. బాబు కంటి ప్రెషర్ ఇంకా కొలవలేదట. చుక్కలు మానకుండా శనివారం తీసుకురమ్మన్నారు.

శ్రీను 34: మామూలుగా 10 నుంచి 21 లోపు ఉండాలి. ఎంత వచ్చిందో చీటీ మీద రాయించుకోండి. చుక్కలు వేసినన్నాళ్లూ కొలిపించండి.

అల్వాల్ లక్ష్మి: అది నరం కోసం. కార్నియాకు రంగు చుక్క వేసి నీలం దీపంతో చూడమని కూడా అడగండి.