ఈ పాత మీటర్ గేజ్ స్టేషన్ ఏదో గుర్తుపట్టగలరా? (నంద్యాల - గిద్దలూరు మధ్య అనుకుంటున్నా)

ఇంట్లో పాత ట్రంకు పెట్టెలో ఒక బ్లాక్ అండ్ వైట్ ఫోటో దొరికిందండి, వెనక నంద్యాల స్టూడియో ముద్ర, పెన్సిల్‌తో 1978 అని ఉంది. మీటర్ గేజ్ (మీటరు వెడల్పు) పట్టాలు, వైపీ రకం స్టీమ్ ఇంజన్, పక్కనే ఇంజన్‌కి నీళ్లు పట్టే ఇనప స్తంభం, దాని గొట్టం చివర గోనెసంచి చుట్టి తాడుతో కట్టారు. ప్లాట్‌ఫాం మట్టిదే, పెంకుటిల్లు లాంటి ఆఫీసు, వెనక ఎడమవైపు కొండ, పట్టాలు కుడికి వంపు తిరిగాయి. పేరు బోర్డు ఉంది కానీ ఎండ పడి తెల్లగా పోయింది, కింద సముద్రమట్టం అంకెల్లో మొదటి 2 ఒక్కటే కనిపిస్తోంది.

గూగుల్ లెన్స్‌లో పెడితే ఊటీ రైలు చూపిస్తోంది, అది కాదని చూస్తేనే తెలుస్తుంది. 1200 డీపీఐలో స్కాన్ చేసి కాంట్రాస్ట్ పెంచినా అక్షరాలు రాలేదు. ఇప్పటి ఫోటోలతో పోల్చా గానీ 90ల్లో బ్రాడ్ గేజ్ (వెడల్పు పట్టాలు) చేసినప్పుడు చాలా మారిపోయాయి కదా, ఏదీ కలవట్లేదు.

నల్లమలలో ఆ రోజుల్లో మీటర్ గేజ్ ఎక్కినవాళ్లు చెప్పండి, దిగువమెట్ట, చలమ, గాజులపల్లె వీటిలో ఇలా వంపు మీద నీళ్ల స్తంభం ఉన్న స్టేషన్ ఏది?