కథను చివరి నుంచి మొదటికి ఆడితే తెలుగు ప్రేక్షకుడికి అందదా?

(కలం పేర్లతో రాతలో సాగిన చర్చ)

మూడో గంట:

ఇటీవల ఒక నాటక పరిషత్తు పోటీల్లో మా నాటక సమాజం ఒక నాటిక ఆడింది. ఇద్దరు అన్నదమ్ములు ఇంటి నడవలో అడ్డుగోడ కట్టించుకున్న రోజుతో అది మొదలవుతుంది. అక్కడి నుంచి దృశ్యం దృశ్యానికీ వెనక్కి నడిచి, ఆ ఇంటికి శంకుస్థాపన జరిగిన రోజుతో ముగుస్తుంది. ప్రదర్శన అయ్యాక న్యాయనిర్ణేతల్లో ఒకరు వేదిక మీదే తేల్చేశారు: ‘కాలక్రమం తప్పిన కథనం పడమటి దేశాల సరుకు, మన ప్రేక్షకుడికి అందదు’ అని. బహుమతి రాకపోతే పోయింది. ఈ తీర్పును మాత్రం ఒప్పుకోలేకపోతున్నాను.

మన ప్రేక్షకుడు కొత్తగా నేర్చుకోవలసిందేమీ లేదు. శ్రీకృష్ణ రాయబారంలో పడక సీనుకు ఒక కృష్ణుడు, రాయబారం సీనుకు మరో కృష్ణుడు రావడం పద్యనాటకాలు చూసినవారందరికీ తెలుసు. ముఖం మారుతుంది, గొంతు మారుతుంది, ఒడ్డూ పొడుగూ మారతాయి. ‘ఈయనెవరు?’ అని ఎవరైనా తికమకపడ్డారా? పద్యం రక్తి కడితే వన్స్ మోర్ అంటారు. దుర్యోధనుడు ఉన్నచోటే నిలబడతాడు, జరిగిపోయిన క్షణం మళ్లీ జరుగుతుంది. తోలుబొమ్మలాటలో రామాయణం నడుస్తుండగా హాస్యపాత్రలు కేతిగాడూ బంగారక్కా దూరి ఊళ్లోని తగవులు మాట్లాడతారు. కేరళలో సంస్కృత నాటకాలు ఆడే కూడియాట్టం మరీ ముందుకు వెళ్లింది. పాత్ర ప్రవేశించగానే కథ ఆగిపోతుంది. తర్వాత నటుడు ఒక్కడే ‘ఇది ఎలా జరిగింది? దానికి ముందు ఏమైంది?’ అని ప్రశ్న మీద ప్రశ్న వేసుకుంటూ గతంలోకి వెళ్లి, మళ్లీ మొదటి నుంచి కథ చెప్పుకుంటూ వస్తాడు. దీనికే కొన్నిసార్లు రోజులు పడతాయి.

ఇన్ని ఉండగా ఇది పరాయిది ఎలా అవుతుంది?

చివరి వరుస:

అయ్యా, మీరు చెప్పిన ఉదాహరణలన్నీ మీ వాదనకే ఎదురు తిరుగుతున్నాయి. రాయబారంలో ఇద్దరు కృష్ణులు వచ్చినా తికమక లేదంటే, కథ జనానికి కంఠతా వచ్చు కాబట్టి. కూడియాట్టం చూసేవాడికి రామాయణం చిన్నప్పుడే తెలుసు. తెలిసిన కథను ఎటు తిప్పినా నష్టం లేదు. మీ అన్నదమ్ములెవరో నాకు తెలియదు. వాళ్ల పేర్లు తెలుసుకునే లోపే పదేళ్లు వెనక్కి వెళ్లారు, తేరుకునే లోపే ఇంకో పదేళ్లు.

నేను పరిషత్తులు చాలాకాలంగా చూస్తున్న ప్రేక్షకుణ్ణి, నటుణ్ణి కాను. హాల్లో మా పక్కన కూర్చునేవాళ్లలో సగం మంది అరవై దాటినవాళ్లు. ఒకరు ఆలస్యంగా వస్తారు, ఒకరు మధ్యలో లేచి టీ తాగి వస్తారు. కథ వరుసగా నడిస్తే ‘ఏమైంది?’ అని పక్కవాణ్ణి ఒక్క మాట అడిగి అందుకుంటారు. మీ నాటికలో ఆ పక్కవాడికే తెలియదు. పుస్తకమైతే పేజీ వెనక్కి తిప్పుకుంటాం. నాటకంలో ఆ వీలు ఎక్కడిది?

ఇంకో మాట కూడా చెప్పాలి. ప్రయోగం పేరుతో ఆడుతున్నవాటిలో చాలావాటికి అసలు కథ బలం లేదు. వరుసగా చెబితే ఆ సంగతి బయటపడుతుందని ముక్కలు చేస్తున్నారు. ఇది మిమ్మల్ని ఉద్దేశించి అంటున్నది కాదు.

మూడో గంట:

కథ తెలియాలి అన్నారు కదా, అక్కడికే వస్తాను. చివరి ఘట్టం ముందే చూపిస్తే ప్రేక్షకుడికి కథ తెలిసిపోయినట్టే. ఇంగ్లిష్ నాటకకర్త హెరాల్డ్ పింటర్ 1978 నాటి ‘బిట్రేయల్’లో చేసింది అదే. తొమ్మిది దృశ్యాలు, 1977లో మొదలై 1968లో ముగుస్తాయి. స్నేహితుడి భార్యతో నడిచిన సంబంధం తెగిపోయి రెండేళ్లయ్యాక తెర లేస్తుంది. అతను ఆమెకు మొదటిసారి ప్రేమ తెలిపిన రాత్రితో తెర పడుతుంది. ఏమవుతుందో మొదటి దృశ్యానికే తేలిపోయింది. ఇక ప్రతి మాటలోనూ ఎవరు ఎవరికి ఎప్పుడు అబద్ధం చెప్పారన్నదే చూస్తాం. మీరు రాయబారంలో చూసేదీ ఇదే కదా! యుద్ధం ఆగదని తెలిసీ కూర్చుంటారు.

సామాన్యుడికి అందదన్న మాటకు ఇంకో జవాబు ఉంది. 1957లో అమెరికాలోని శాన్ క్వెంటిన్ జైలులో దాదాపు 1400 మంది ఖైదీల ముందు శామ్యూల్ బెకెట్ ‘వెయిటింగ్ ఫర్ గోడో’ ఆడారు. ఎప్పటికీ రాని గోడో కోసం ఇద్దరు ఎదురుచూడటమే అందులో ఉన్నదంతా. పండితులు తలలు పట్టుకున్న ఆ నాటకం ఖైదీలకు సూటిగా తగిలింది.

చివరి వరుస:

గోడో ఉదాహరణ ఇక్కడ చెల్లదు. అందులో ఒక సాయంత్రం, మర్నాడు సాయంత్రం, అంతే. కాలం ముందుకే నడుస్తుంది. కథ లేకపోవడం వేరు, కథను తలకిందులు చేయడం వేరు. ఎదురుచూపు ఎలా ఉంటుందో ఖైదీలకు ఎవరూ చెప్పనక్కర్లేదు కాబట్టి అందింది. పింటర్ నాటకంలో ముఖ్యపాత్రలు మూడే, అందుకే గుర్తుంటాయి. మీ నాటికలో ఎందరు?

దీపాల మనిషి:

నేను నాటకాలకు లైటింగ్ చేస్తాను. మీరిద్దరూ కథ గురించే మాట్లాడుతున్నారు. నేను చూసినంతవరకు ఇలాంటి నాటకం దెబ్బతినేది దృశ్యానికీ దృశ్యానికీ మధ్య ఉండే చీకట్లో. కాలం మారిన ప్రతిసారీ బ్లాకవుట్ ఇస్తారు. వేదిక మీద కుర్చీలు ఈడ్చే చప్పుడు. హాల్లో ఒక ఫోను వెలుగుతుంది, తర్వాత నాలుగు వెలుగుతాయి. మళ్లీ దీపం వచ్చేసరికి ప్రేక్షకుడు ఆ కుటుంబంలో లేడు. గంట నాటికలో ఇలా ఏడెనిమిది సార్లు జరిగితే ఎంత గొప్ప రచనైనా నిలవదు.

కాలం మారిందని చెప్పడానికి చీకటి అక్కర్లేదు. ఒగ్గుకథ చూడండి. కథకుడు ఒక్క అడుగు పక్కకు వేసి గొంతు మారిస్తే ఇంకో పాత్ర, ఇంకో ఊరు. ఇంగ్లిష్ నాటకకర్త టామ్ స్టాపర్డ్ ‘ఆర్కేడియా’లో 1809కీ నేటి కాలానికీ ఒకటే గది, ఒకటే బల్ల. ఒక కాలంవాళ్లు పెట్టిన వస్తువులు తీయకుండానే రెండో కాలంవాళ్లు వచ్చి కూర్చుంటారు. చివరికి రెండు కాలాలూ ఒకేసారి వేదిక మీద ఉంటాయి.

హౌరా బండి:

కలకత్తాలో పెరిగినదాన్ని. అక్కడి నాటకం ఒకటి ఈ చర్చకు పనికొస్తుంది. బాదల్ సర్కార్ 1963లో రాసిన ‘ఏవం ఇంద్రజిత్’లో రచయిత పాత్ర ప్రేక్షకుల్లోంచి నలుగురిని వేదిక మీదికి పిలిచి పేర్లు అడుగుతాడు. అమల్, విమల్, కమల్. నాలుగో అతను మొదట నిర్మల్ అంటాడు, నిలదీస్తే ఇంద్రజిత్ అంటాడు. తర్వాత చదువు, పరీక్షలు, ఉద్యోగం, పెళ్లి, మళ్లీ మొదటికి. కథ ముందుకు పోదు, గిరగిరా తిరుగుతుంది. అలా తిరగడమే అందులో విషయం కాబట్టి దాన్ని వరుసలో పెట్టడం ఎవరి తరమూ కాదు.

కాబట్టి నా కొలత ఇది. నాటకాన్ని కాగితం మీద కాలక్రమంలో రాసి చూడండి. ఏమీ పోకపోతే ఆ తిరగవేత వట్టి అలంకారం. ఇంగ్లిష్ రచయిత జె.బి. ప్రీస్ట్లీ 1937లో రాసిన ‘టైమ్ అండ్ ది కాన్వేస్’నే తీసుకోండి. మొదటి అంకం 1919లో ఒక అమ్మాయి పుట్టినరోజు రాత్రి. రెండో అంకం 1937, కుటుంబం చితికిపోయింది. మూడో అంకం మళ్లీ ఆ పుట్టినరోజు రాత్రే. అదే నవ్వులు, అవే పెద్ద పెద్ద ఆశలు. ఈసారి వినలేం. వరుసలో పెడితే ఆ మూడో అంకం మామూలు పేరంటంలా తేలిపోతుంది.

చివరి వరుస:

ఈ కొలత నాకు నచ్చింది. మూడో గంట గారూ, మీ నాటికను దీంతో కొలిచి చెప్పండి. వరుసగా ఆడితే ఏం పోతుంది?

మూడో గంట:

వరుసగా ఆడితే అది ‘తప్పు ఎవరిది?’ అనే పంచాయితీ అవుతుంది. ప్రేక్షకుడు అన్న పక్షమో తమ్ముడి పక్షమో తీసుకుని ఇంటికి వెళ్తాడు. వెనక్కి నడిపితే చివర్లో శంకుస్థాపన. అన్న కాగితాలు చదవకుండానే సంతకం పెడతాడు. ‘మనలో మనకు చదవడమేమిటి?’ అంటాడు. తమ్ముడు నవ్వుతాడు. ఆ నవ్వులో మోసం లేదు. గోడ మొదలైంది ఆ నమ్మకంలోనే, ఆ ప్రేమలోనే. మొదటి దృశ్యంగా పెడితే ఈ మాట ఎవరి చెవికీ ఎక్కదు.

వదిన పాత్రధారిణి:

ఆ నాటికలో పెద్ద కోడలిని నేనే. నటించేవాళ్ల వైపు నుంచి ఒక మాట. మేము మొదట వరుసక్రమంలోనే రిహార్సల్ చేశాం. ఇరవై రెండేళ్ల కోడలి నుంచి యాభై దాటిన మనిషి దాకా ఒంట్లోకి వచ్చాక దృశ్యాలు తిరగేశాం. కష్టం అక్కడే మొదలైంది. మొదటి దృశ్యంలో మరిదితో మాటలు లేవు, కంచం నేల మీద పెట్టి జరుపుతాను. చివరి దృశ్యంలో అదే మరిదికి కొసరి కొసరి వడ్డించాలి. ఆ కంచం సంగతి నా చేతికి గుర్తుంటుంది, కోడలికి ఇంకా తెలియదు. చేయి ఒక్క క్షణం తడబడినా దృశ్యం అబద్ధమవుతుంది. ప్రేక్షకులకు మాత్రం ఆ కంచం గుర్తుంది. వడ్డించేటప్పుడు ముందు వరుసల్లో నిశ్శబ్దం నాకు తెలిసింది. అందలేదన్న మాట నేను నమ్మను.

చివరి వరుస:

అమ్మా, ముందు వరుసలకు కంచం కనిపిస్తుంది. నేను కూర్చునే చోటికి కనిపించదు. మీరు చెప్పాక ఆ నాటిక ఎందుకు అలా రాశారో అర్థమైంది. ఆ అర్థం ఇక్కడ రాతలో దొరికింది, హాల్లో దొరకలేదు. మొదట్లోనే సూత్రధారుడు వచ్చి ‘ఈ కథ చివరి నుంచి మొదటికి నడుస్తుంది’ అని ఒక్క మాట చెబితే ఏం పోయింది? మన భాగవతాల్లో చెప్పలేదా? ఏం జరగబోతుందో దృశ్యానికి ముందే రాసి చూపించాలని జర్మన్ నాటకకర్త బ్రెహ్ట్ అంతటివాడు అనలేదా?

మూడో గంట:

చెప్పవచ్చు. కానీ అలా చెబితే ప్రేక్షకుడు తానే కనిపెట్టే ఆనందం పోతుంది. రెండో దృశ్యంలో ‘ఓహో, ఇది అంతకుముందు’ అని అతనికి తట్టే క్షణం నాకు కావాలి.

దీపాల మనిషి:

చెప్పకుండానే చివరి వరుసకు అందించవచ్చు. గోడను నిజంగానే కట్టండి, థర్మోకోల్ ఇటుకలతో. మొదటి దృశ్యంలో ఛాతీ ఎత్తు. దృశ్యం అయ్యాక బ్లాకవుట్ వద్దు. వెలుతురులోనే అన్నదమ్ములిద్దరూ రెండు వరుసలు తీసి పక్కన పెట్టి తర్వాతి దృశ్యంలోకి వెళ్లాలి. గోడ తగ్గుతోందంటే కాలం వెనక్కి పోతోందని ఎంత దూరానికైనా తెలుస్తుంది. శంకుస్థాపన నాటికి వేదిక ఖాళీ.

చివరి వరుస:

ఇది చూడాలని ఉంది. అయితే పోటీల్లో ఒక నాటికకూ ఇంకో నాటికకూ మధ్య మీకు సెట్ వేసుకోవడానికి ఇచ్చే సమయం ఎంత? ఛాతీ ఎత్తు గోడ ఆ కాసేపట్లో లేస్తుందా? అది ముందు తేల్చండి.