మనిషిని ఎదిగించేది ఆనందమా, అసంతృప్తా?

చదువరి:
ఉన్న చోటు హాయిగా ఉంటే ఎవరైనా ఎందుకు కదులుతారు? నా లెక్కలో ఎదుగుదలకు మూలం అసంతృప్తే. జీతం పెరిగినా, పేరొచ్చినా ఆ సంబరం కొన్నాళ్లకే చల్లారుతుంది. బ్రిక్‌మన్, క్యాంప్‌బెల్ అనే సైకాలజిస్టులు 1971లోనే ఈ సంగతి రాశారు. మళ్లీ ఏదో వెలితి మొదలవుతుంది. అదే మనల్ని ముందుకు తోస్తుంది. ఆనందం ఫలితమే తప్ప కారణం కాదు.

బాటసారి:
చదువరి గారూ, వెలితి తోస్తుంది, సరే. ఎటు తోస్తుంది? అసంతృప్తితో కుంగిపోయి ఏ పనీ మొదలుపెట్టలేని వాళ్లు మన చుట్టూ ఎంతమంది లేరు!

1967లో సెలిగ్మన్, మైయర్ అనే సైకాలజిస్టులు చేసిన ప్రయోగం చూడండి. తప్పించుకునే వీల్లేకుండా షాకులు తిన్న కుక్కల్లో చాలావరకు తర్వాత గెంతి తప్పించుకునే దారి ఉన్నా కదల్లేదు. (ఆ జీవాలను అలా హింసించడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.) బాధే ఎదిగించేదైతే అవే అందరికంటే ముందు గెంతాలి కదా? 2016లో ఆ ఇద్దరే తమ పాత వివరణను మార్చారు. ఎడతెగని బాధలో చేతులెత్తేయడం సహజంగా వచ్చేదేనట. పరిస్థితి మన చేతిలో ఉందన్న నమ్మకమే నేర్చుకోవలసిందట. ఆ నమ్మకం కలిగేది చిన్నదైనా ఒక మంచి అనుభవం నుంచి. అందుకే నా ఓటు ఆనందానికి.

చదువరి:
మరి పెద్ద దెబ్బ తిని గట్టిపడ్డ వాళ్ల మాటేమిటి? అలాంటి ఎదుగుదల మీద టెడెస్కీ, కాల్హౌన్ అనే సైకాలజిస్టులు ఎన్నో ఏళ్లు పరిశోధన చేశారు.

బాటసారి:
చేశారు. కానీ గాయమే మనిషిని పెంచుతుందని వాళ్లు అనలేదు. దానితో పెనుగులాడే క్రమంలో మార్పు వస్తుందన్నారు. ఆ పెనుగులాటకు తోడుగా నిలిచే మనుషులు కావాలని కూడా చెప్పారు.

నిలకడ:
మీరిద్దరూ అసంతృప్తినంతా ఒకే గాటన కడుతున్నారు. "ఈ పని సరిగా రాలేదు" అనుకోవడం వేరు, "నేను దేనికీ పనికిరాను" అనుకోవడం వేరు. మొదటిది పని మీద అసంతృప్తి, అది కావాలి. రెండోది మన మీద మనకే అసహ్యం. పిల్లలను తిడితే బాగుపడతారని నమ్మే పెద్దలు నూరిపోసేది ఈ రెండోదే, నా బాధంతా అదే.

2012లో బ్రైన్స్, చెన్ అనే పరిశోధకులు కొందరికి కష్టమైన టెస్టు పెట్టారు. అది సరిగా రాయలేకపోయాక, తమను తాము దయగా చూసుకోమని ఎవరికి చెప్పారో వాళ్లు తర్వాతి టెస్టుకు మిగతావాళ్ల కంటే ఎక్కువసేపు చదివారు.

చదువరి:
అక్కడా ముందు టెస్టు పోవాలి కదండీ. ఆ వెలితి లేకపోతే మళ్లీ చదివేదెందుకు?

నిలకడ:
టెస్టు అందరికీ పోయిందండీ. వెలితి అందరిలోనూ ఉంది. అయినా ఎక్కువసేపు కూర్చుని చదివింది తమను తాము దయగా చూసుకున్న వాళ్లే.