బోరు నీళ్ళ బాత్రూమ్‌కి ఏ కలర్ టైల్స్ బెటర్?

మియాపూర్ ఫ్లాట్: నమస్తే అండీ, పాత ఫ్లాట్ మాది, బాత్రూమ్ 5 బై 7 అడుగులు, చిన్న వెంటిలేటర్ తప్ప వెలుతురు లేదు. టైల్స్ మార్పిద్దామంటే మా ఆవిడ షోరూమ్‌లో చూసి డార్క్ గ్రే గ్లాసీ అంటోంది, నాకేమో తెల్లవి ఇష్టం, పైగా బోరు నీళ్ళు, బకెట్లకే గార కట్టేస్తది. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, జారకూడదు. ఏం చెయ్యమంటారు?

కడప కుర్రోడు: డార్క్ గ్లాసీ వద్దన్నా. నీళ్ళు ఆరాక తెల్ల మరకలు కొట్టొచ్చినట్టు కనబడతాయి, రోజూ వైపర్ కొట్టే ఓపికుంటే మీ ఇష్టం. పాలతెలుపూ వద్దు, నీళ్ళలో ఐరన్ ఉంటే పచ్చబడుద్ది. ఇసుక రంగో లేత గ్రేనో చూడండి.

సైట్ మేస్త్రి: కింద మ్యాట్ యాంటీ స్కిడ్, 1 బై 1 అడుగు సైజే వేయించండి, చిన్న టైల్ అయితే నీళ్ళు పోయే జాలీ వైపు వాటం (వాలు) బాగా వస్తది, జాయింట్లు ఎక్కువ కాబట్టి కాలికి పట్టు కూడా ఉంటది, 2 బై 2 వేసి వాటం సరిగ్గా కుదరక నీళ్ళు నిలిచిన ఇళ్ళు చాలా చూశా. మరీ గరుకువి మాత్రం వద్దు, మురికి పోదు. గోడలకి 1 బై 2 లైట్ కలర్, సీలింగ్ దాకా.

రాజీ: కలర్ సంగతి సరే, ముందు పాతవి పీకాక వాటర్‌ప్రూఫింగ్ చేయించి 24 గంటలు నీళ్ళు నిలబెట్టి కింద ఫ్లాట్ వాళ్ళ సీలింగ్ చూడండి. టైల్స్ సందుల్లో నింపే గ్రౌట్ ఎపాక్సీదే (రెసిన్ రకం) వాడండి. టైల్స్ బాక్సులన్నీ ఒకే బ్యాచ్‌వి, 10 శాతం ఎక్స్‌ట్రా తీసుకోండి.

మియాపూర్ ఫ్లాట్: థాంక్స్ అండీ. మా ఆవిడకి ఒక్క గోడకైనా డార్క్ గ్రే కావాల్సిందేనంట 😀

రాజీ: షవర్‌కి దూరంగా, కమోడ్ వెనక గోడకి మ్యాట్‌లో వేయించేయండి.