అప్‌డేట్: పాత ఏసీ మార్చేశాం

వేసవిలో చల్లదనం, చలికాలంలో వెచ్చదనం ఇచ్చే మా పాత ఏసీలో ఏటా గ్యాస్ తగ్గిపోతోంది, బాగు చేయించాలా, కొత్తది కొనాలా అని అడిగాను కదా. కొత్తదే కొన్నాం.

"గ్యాస్ నింపించే ముందు లీకు ఎక్కడో తేల్చుకోండి" అన్న సలహా ఎంతో మేలు చేసింది. మెకానిక్ గొట్టాల్లోకి నైట్రోజన్ ఎక్కించి, అతుకుల దగ్గర సబ్బు నురగ పూశాడు. అతుకులన్నీ గట్టిగానే ఉన్నాయి. లోపలి యూనిట్‌లో గాలిని చల్లబరిచే గొట్టాల చుట్ట (కాయిల్) మీద మాత్రం, దాని పల్చటి రేకు రెక్కల సందుల్లోంచి సన్నని బుడగలు ఒకదాని వెనక ఒకటి ఉబికి వచ్చాయి. అతుకు దగ్గరైతే బాగు చేయించి ఊరుకునేవాళ్లం. తుప్పు తిన్న కాయిల్‌కు ఒకచోట పూడిస్తే మరోచోట చిల్లు పడుతుంది. పైగా అందులో ఉన్న గ్యాస్ ఆర్‌-22. ఓజోన్ పొరను దెబ్బతీస్తుంది కాబట్టి 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం కింద దాన్ని ప్రపంచమంతటా దశలవారీగా మాన్పిస్తున్నారు. అలాంటి యంత్రానికి కొత్త కాయిల్ వేయించడం దండగ అనిపించింది.

కొత్తది ఆర్‌-32 గ్యాస్‌తో నడిచే ఇన్వర్టర్ రకం, అంటే అవసరాన్ని బట్టి కంప్రెసర్ వేగం మార్చుకునేది. బిగించేవాళ్లు పాత గొట్టాలే ఉంచుదామన్నారు, నేను ఒప్పుకోలేదు. వాటిలో మిగిలిన పాత కంప్రెసర్ నూనె (మినరల్ ఆయిల్) కొత్త కంప్రెసర్ నూనెకు సరిపడదు. పాత గ్యాస్‌ను గాలిలోకి వదిలేయకుండా సిలిండర్‌లోకి తీయించాను. ఈ ఒక్క విషయంలో మీరూ దయచేసి పట్టుబట్టండి.

గది త్వరగా చల్లబడుతోంది, చప్పుడు బాగా తగ్గింది. వెచ్చదనం సంగతి చలికాలం వచ్చాక రాస్తాను.